రాగి సుత్తి, డెబ్బై రెండు స్పోకులు

ఇంగ్లండులో పాత రేసు కార్లు బాగుచేసే ఒక చిన్న వర్క్‌షాపులో నా ఉద్యోగం. చేరిన వారంలోనే పరువు పోగొట్టుకున్నాను. ఒక పాత జాగ్వార్ కుడివైపు చక్రం విప్పమని చేతికి రాగి సుత్తి ఇచ్చారు. ఆ కారు చక్రానికి నాలుగైదు బోల్టులుండవు, మధ్యలో రెండు చెవుల నట్టు ఒక్కటే ఉంటుంది. చెవి మీద కొడితే తిరుగుతుంది. నట్టు అన్నాక ఎడమకు తిప్పితే ఊడాలి కదా అని ధీమాగా బాదుతున్నాను. అది ఇంకా బిగుసుకుపోతోంది.

మా పెద్దాయన వచ్చి చూశారు. (ఇక్కడ ఎంత వయసువాళ్ళనైనా పేరుపెట్టే పిలుస్తారు. నాకు ఏడాదిదాకా నోరు రాలేదు.) "కారు ముందుకు వెళ్తే చక్రం ఎటు తిరుగుతుందో అటు కొట్టు" అన్నారు. కుడివైపు మర, ఎడమవైపు మరకు ఎదురు. చక్రానికీ నట్టుకూ మధ్య వెంట్రుకవాసి సందు వల్ల, పరుగులో నట్టు చక్రానికి ఎదురు దిశలో కొద్దికొద్దిగా పాకుతుంది, తనంతట తానే బిగుస్తుంది. రెండు వైపులవీ తారుమారు చేసి తొడిగితే మాత్రం దారిలోనే ఊడుతుంది.

ఇది కోవెంట్రీలోని రడ్జ్-విట్‌వర్త్ కంపెనీ పద్ధతి, మొదటి ప్రపంచ యుద్ధానికి ముందుది. 1922 నుంచి ఇటలీలోని మిలాన్‌లో బొరానీ వాళ్ళు ఆ కంపెనీ లైసెన్సుతో చేశారు. పాత ఫెరారీల కింద ధగధగలాడే స్పోకుల చక్రాలు ఎక్కువగా వాళ్ళవే.

ఇప్పుడు నా పని ఎక్కువగా బెండు తీయడం. చక్రాన్ని స్టాండుకెక్కించి, 72 స్పోకులనూ ఒక్కొక్కటిగా స్పానర్‌తో తట్టి వింటాను. బిగువు సరిగ్గా ఉన్నది ఖంగుమంటుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. ఒకటి బిగిస్తే ఎదురుది అలుగుతుంది, రిమ్ము అటు జరుగుతుంది, మళ్ళీ మొదటికి. అంత సన్నని తీగ నిలబడి బరువు మోయలేదు, వంగిపోతుంది. అందుకే అన్నిటినీ ముందే లాగి బిగించి ఉంచాలి. జనం దాని మెరుపు చూస్తారు గానీ, నాకు అందమంతా ఆ బిగువులోనే కనిపిస్తుంది.

నన్నడిగితే అన్నిటికన్నా గొప్పది 1924 నాటి బుగాటీ టైప్ 35 రేసు కారు చక్రం. అల్యూమినియం పోతపోసి చేసింది. ఎనిమిది బల్లపరుపు రెక్కలు, బ్రేకు డ్రమ్ము కూడా అందులోనే. చక్రం తీస్తే బ్రేకు షూలు ఎదురుగా కనిపిస్తాయి. ఆ ఏడాది లియోన్‌లో జరిగిన ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీ రేసులో టైర్లు తన్నేశాయి, అది వేరే కథ. ఆ తర్వాత 1957లో ఇంగ్లండు రేసు కార్ల కంపెనీ లోటస్ వాళ్ళు రెక్కలే తీసేశారు. పలక లాంటి మెగ్నీషియం చక్రాన్ని అలల్లా వంపులు తిప్పారు, ఆ వంపులే దానికి బలం.

మెగ్నీషియం అల్యూమినియం కన్నా మూడో వంతు తేలిక. కానీ వయసు మీద పడితే లోలోపల పగుళ్ళిస్తుంది. మొన్న ఒకాయన అలాంటి చక్రం తెచ్చారు. పైకి మచ్చ లేదు. పగుళ్ళు వెతకడానికి ఎర్ర రంగు పూసి, తుడిచి, తెల్ల పౌడరు స్ప్రే చేశాను. రెండు నిమిషాలకు మధ్య కన్నం పక్కన, గోరంత పొడవున, ఎర్రగీత తేలింది. రేసుకు పనికిరాదని కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఆ గీతను బొటనవేలితో తుడుస్తూ చాలాసేపు కూర్చున్నారు.