కార్డులో లేని గడి

మంగళవారం, రాత్రి.

తెల్లవారుజామున నాలుగున్నరకు బిందెల చప్పుడుకు మెలకువ వచ్చింది. హైదరాబాదులో మా బస్తీకి రోజు విడిచి రోజు నల్లా నీళ్లు. బయటికి వచ్చి చూస్తే, మూడో ఇంటి అమ్మాయి నిండు బిందె చంకన పెట్టుకుని మెట్లెక్కుతోంది. ఏడో నెల. వాళ్లది రెండో అంతస్తు పైన వేసిన రేకుల గది. నేను బిందె అందుకోబోతే, "పరవాలేదక్కా, ఇంకా నాలుగే" అంది. అప్పటికే ఐదు మోసిందట. భర్తకు రాత్రి డ్యూటీ, ఏడింటికి గానీ ఇంటికి రాడు.

ఆశా కార్యకర్తగా ఆ అమ్మాయి తల్లీబిడ్డల కార్డు నా కళ్లముందే నిండుతోంది. బరువు, బీపీ, హిమోగ్లోబిన్, ధనుర్వాతం టీకా, ఐరన్ మాత్రలు, అన్నింటికీ గడులున్నాయి. 11 ఉండాల్సిన రక్తం పోయిన నెల 9.2 ఉంది. మాత్రలు వేసుకుంటున్నావా, ఆకుకూరలు తింటున్నావా, సాయంత్రం కాసేపు నడుస్తున్నావా అని వరుసగా అడిగి వచ్చేశాను. నడక మాట ఎత్తితే ఆ అమ్మాయి నవ్వి ఊరుకుంది. ఈరోజు ఆ మెట్ల మీద నిలబడి చూశాక ఆ నవ్వు అర్థమైంది. సందు మలుపులో కుక్కల గుంపు, అది దాటితే చెత్త తగలబెట్టే ఖాళీ స్థలం. ఎక్కడ నడుస్తుంది?

మధ్యాహ్నం సమావేశంలో నెలలు నిండని కాన్పుల మాట వచ్చింది. 37 వారాలు నిండకుండా పుట్టినవాళ్లు, రెండున్నర కిలోల లోపు పుట్టినవాళ్లు. అమెరికాలో న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో తేలిన సంగతి ఒకటి డాక్టరమ్మ చెప్పారు. అక్కడ టోల్ గేట్ల దగ్గర మన ఫాస్టాగ్ లాంటి పద్ధతి పెట్టాక బండ్లు బారులు తీరి ఆగడం తగ్గిందట. ఆ గేట్లకు రెండు కిలోమీటర్ల లోపు ఉన్న తల్లుల్లో నెలలు నిండని కాన్పులు సుమారు 11 శాతం, తక్కువ బరువు పుట్టుకలు సుమారు 12 శాతం తగ్గాయట. 2011లో ఆ పరిశోధన వెలువడింది. బండ్లు ఆగకుండా వెళ్లాలని చేసిన ఏర్పాటు అది, గర్భిణుల కోసం చేసింది కాదు. ఆ తల్లులకు ఎవరూ కొత్త మందు ఇవ్వలేదు, ఇది తిను అది తినకు అని చెప్పలేదు. ఇంటి చుట్టూ పొగ తగ్గింది, అంతే.

ఆ తర్వాత చెప్పినవేవీ నా చెవికెక్కలేదు. మా పెద్దవాడు ఇదే సందులో ఉండగా ఎనిమిదో నెలలో పుట్టాడు. కిలో తొమ్మిది వందలు. నెల రోజులు గుండెకు హత్తుకుని పడుకోబెట్టుకున్నాను. బొప్పాయి తిన్నావా, గ్రహణం రోజు బయటికి వచ్చావా అని అందరూ నన్నే అడిగారు. మా అత్తయ్య ఇప్పటికీ బొప్పాయి అనే అంటుంది. మండు వేసవిలో రేకుల కింద ఎలా పడుకున్నావని, ఎన్ని బిందెలు మోశావని ఒక్కరూ అడగలేదు. అదొక్కటే కారణమని నేను అనను. కానీ తప్పు నాదేనని ఇన్నేళ్లు మోశాను. ఈరోజు ఆ అమ్మాయికి నేనూ అవే ప్రశ్నలు వేస్తున్నానని తెలిసి సిగ్గేసింది.

సాయంత్రం ఆ ఇంటి యజమానురాలి దగ్గరికి వెళ్లాను. కింద సంపు ఉంది, మోటారు ఉంది. పైకి ఒక పైపు వేసి డ్రమ్ము నింపనివ్వండి పెద్దమ్మా అని అడిగితే, "కరెంటు బిల్లు ఎవరు కడతారు?" అంది. అరగంట కూర్చున్నాను. తన కోడలి కాన్పు కష్టాలన్నీ చెప్పింది, విన్నాను. చివరికి, కాన్పు అయ్యేదాకా అయితే సరే అంది. బిడ్డ పుట్టాక నీళ్లు ఇంకా ఎక్కువే కావాలి, ఆ మాట అప్పుడు మళ్లీ వచ్చి అడుగుతాను.

చెత్త కాల్చే దగ్గర మాత్రం నా మాట చెల్లలేదు. దోమలు పోతాయమ్మా అన్నారు. రోజూ చెత్తబండి వస్తే ఎందుకు కాలుస్తామన్నారు, అదీ నిజమే.

నా రిజిస్టరులో ఆ అమ్మాయి పేరు పక్కన, అంచున ఖాళీ ఉన్నచోట రాశాను: రెండంతస్తులు, తొమ్మిది బిందెలు, రేకులు, పొగ. మిగతా పదకొండు మంది ఇళ్లకూ మళ్లీ వెళ్లి ఇలాగే రాయాలి.

పైపు నలభై అడుగులు పడుతుంది, కొలిచి వచ్చాను. ఎల్లుండి నీళ్ల రోజు. రేపే కొనాలి.