అమ్మ తోమిన కోల్ట్

మొన్న ఏప్రిల్లో టల్సా తుపాకుల సంతలో రెండు పిస్తోళ్ల ముందు గంటన్నరసేపు తచ్చాడాను. రెండూ కోల్ట్ కంపెనీ వాళ్ల 1851 నేవీ మోడల్ రివాల్వర్లే. ఒకే బల్ల, ఒకే ఆకుపచ్చ గుడ్డ, మధ్యలో జానెడు దూరం. ఒకటి నిన్ననే పెట్టెలోంచి తీసినట్టు నీలంగా నిగనిగలాడుతోంది. రెండోది మా తాతగారి కొట్టుగది తాళంచెవిలా గోధుమరంగు తిరిగి ఉంది. నిగనిగలాడేది 300 డాలర్లు తక్కువ.

"మెరిసేది చవకేమిటి, మాసినది ఖరీదేమిటి?" అంది మా ఆవిడ, చేతిలో కాఫీతో. డాలస్ నుంచి నాలుగు గంటలు కారులో కూర్చుని వచ్చిన మనిషి. అడిగే హక్కుంది. కానీ ఆ ప్రశ్నకి జవాబు నాకు తెలిసిన వైనం చెప్పాలంటే మా అమ్మ దగ్గర మొదలుపెట్టాలి.

ముందు ఒక సంగతి. ఇవి నేను పేల్చను. అమెరికా కేంద్ర చట్టం లెక్కలో 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైన తుపాకీ 'యాంటీక్'. 1968 నాటి చట్టం దాన్ని మామూలు ఆయుధాల జాబితా నుంచి తప్పించింది (రాష్ట్రాల నియమాలు వేరే ఉంటాయి, అవి చూసుకోవాలి). తెనాలిలో నాన్నకి ఇదంతా ఫోన్లో చెబితే "అయినా పోలీసులు రారా?" అని మూడుసార్లు అడిగారు.

నా మొదటి కొనుగోలు కోల్ట్ 1849 పాకెట్. .31 కాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో), అరచేతిలో ఒదిగిపోయేంత చిన్నది. అద్దంలా మెరుస్తుంటే ఎంత బాగా దాచుకున్నారో అనుకుని ఎగిరి గంతేసి కొన్నాను. ఆ మోడల్ సిలిండర్ (మందుగుండు నింపే, గుండ్రంగా తిరిగే భాగం) చుట్టూ ఒక బొమ్మ ఉండాలి: గుర్రపుబండిని దొంగలు ఆపిన దృశ్యం. నా దాంట్లో బండి చక్రం ఒకటి మిగిలింది. గుర్రాల్లేవు, దొంగల్లేవు, దోపిడీ లేదు. ఎవరో ఎమరీ పేపరు పెట్టి రుద్ది, పైన కొత్త రంగు ఎక్కించారు. అమ్మినాయన ఆ మాట చెప్పలేదు, నాకు అడగాలని తెలియలేదు. ఇంటికొచ్చి భూతద్దం పెట్టాక మిగతావి ఒక్కొక్కటే కనిపించాయి. ఎనిమిది పలకల బారెల్ (గొట్టం) అంచులు వేలికి తగలకుండా సబ్బుబిళ్లలా అరిగాయి. స్క్రూల చుట్టూ లోహం గిన్నెలా గుంటపడింది. తుప్పు తిన్న గుంటల అడుగున కూడా కొత్త నీలం. కర్ర పిడిని సానపట్టినందువల్ల ఇత్తడి పట్టీ కంటే లోపలికి దిగిపోయింది.

ఈ నీలం పట్టించడాన్ని బ్లూయింగ్ అంటారు. అది పైపూత రంగు కాదు. ఉక్కుని బాగా మెరుగుపెట్టి, బొగ్గుతో కొలిమిలో సరైన వేడి మీద ఉంచితే పైన పట్టే పలచని పొర అది. ఒకరకంగా అదుపులో పెట్టిన తుప్పే. ఆ కాలపు నీలంలో లోతు ఉంటుంది. చేతి చెమటకి, ఒరలో రాపిడికి అది మెల్లగా పోయి గోధుమరంగు వస్తుంది. బారెల్‌నీ సిలిండర్‌నీ పట్టి ఉంచే ఫ్రేముది ఇంకో కథ: ఎముకల బొగ్గులో కప్పెట్టి కాల్చి నీళ్లలో ముంచితే నెమలిపింఛం రంగులు తేలతాయి. వెలుతురుకి అవి వెలిసిపోతాయి. 20వ శతాబ్దంలో వచ్చిన వేడి ఉప్పుల పద్ధతిలో వచ్చేది మాత్రం చదునైన నలుపు. పదిసార్లు చూసిన కన్ను పొరబడదు.

ఆ దెబ్బతో బుద్ధొచ్చి, రెండేళ్లు వెతికి, అరిగినా చెయ్యి పడని ఒక నేవీ కొన్నాను. దాని సిలిండర్ మీద ఓడలున్నాయి. 1843 మే 16న మెక్సికో తీరంలో కాంపెచే దగ్గర, అప్పట్లో వేరే దేశమైన టెక్సాస్ నౌకాదళానికీ మెక్సికో నౌకాదళానికీ జరిగిన పోరు, ఆర్మ్స్‌బీ అనే నగిషీకారుడు చెక్కిన దృశ్యం. ఆ బొమ్మ వల్లే దీనికి నేవీ అన్న పేరు. టెక్సాస్‌లో ఉంటూ అది చేతిలో పట్టుకుంటే నాకు ఒళ్లు జలదరించింది. ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డూ, పిడి వెనక పట్టీ ఇత్తడివి. సాధారణ కొనుగోలుదారుల కోసం చేసినవాటికి కోల్ట్ వాళ్లు ఇత్తడి మీద పలచగా వెండిపూత వేసేవారు. నా దాంట్లో ఆ వెండి మూలల్లో నల్లబడి అక్కడక్కడా మిగిలింది. 150 ఏళ్ల నలుపు.

2019లో అమ్మ ఆరు నెలలకి వచ్చింది. దీపావళి ముందు రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింటి గట్టు మీద కుందులు, హారతిపళ్లెం, చెంబు, వాటి పక్కన నా నేవీ. అన్నీ ఒకే బంగారు రంగులో.

"పండగపూట చిలుము పట్టిన ఇత్తడి ఇంట్లో ఉంచుకుంటార్రా? తళతళలాడేలా తోమాను చూడు."

చింతపండు, ఉప్పు, గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచు. వెండి మొత్తం పోయింది. పులుపు కారినచోట ఫ్రేము మీద రెండు ఎర్ర చుక్కలు లేచాయి. అమ్మతో రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు చెప్పాను.

"వెండా? వెండని చెప్పొద్దూ!" అంది. కాసేపటికి తనే, "దానికేం, మళ్లీ పూయించు. గంగాళానికి కళాయి పోతే మళ్లీ పెట్టించుకోలా? గంగాళం మారిపోయిందా?"

నిజం చెప్పాలంటే ఆ మాటకి అప్పుడు నా దగ్గర జవాబు లేదు. పాత రంగు పోగొట్టకూడదని నియమం చిలకపలుకులా వచ్చు, అంతే. కళాయి మాట మాత్రం బుర్రలో ఉండిపోయింది. గంగాళానికి కళాయి ఎందుకు పెట్టిస్తాం? రేపు అందులో పులుసు కాయాలి కాబట్టి. పనిలో ఉన్న వస్తువుకి పని కోసం చేసే మరమ్మతు అది. దాని బతుకులో భాగం.

ఇలా చూస్తే తుపాకుల్లోనూ కళాయి పెట్టినవి ఉన్నాయి. 1873లో అమెరికా సైన్యం తీసుకున్న కోల్ట్ సింగిల్ యాక్షన్ అనే రివాల్వర్‌కి ఏడున్నర అంగుళాల బారెల్. 1890ల మధ్య నుంచి సైన్యం వాటిని వెనక్కి తెప్పించి, విప్పదీసి, బారెల్‌ని అయిదున్నరకి కోసి, మళ్లీ రంగు పట్టించింది. విప్పినప్పుడు భాగాలు కలగలిసిపోయాయి, నంబర్లు ఒకదానికొకటి సరిపోవు. కలెక్టర్లు వాటిని 'ఆర్టిలరీ మోడల్' అంటారు. మామూలుగా అయితే ఈ మూడు లోపాలకీ మొహం తిప్పుకునేవాళ్లు వీటి కోసం ఎగబడతారు. ఫిలిప్పీన్స్ యుద్ధంలో .38 తూటాలు బలం చాలక మళ్లీ బయటికి తీసింది ఇలాంటి పాత .45లనే. కోసిన బారెల్ కూడా చరిత్రే. అలాగే ఇంకో తుపాకుల కంపెనీ స్మిత్ అండ్ వెస్సన్ వాళ్లు తమ ఫ్యాక్టరీకి తిరిగొచ్చిన పిస్తోలుకి సీరియల్ నంబరు పక్కన చిన్న నక్షత్రం కొట్టేవారు, ఇక్కడ మా చెయ్యి పడిందని. ఆ నిజాయితీ నాకు ఇష్టం.

నా ఇంట్లో 1849 పాకెట్‌ని రుద్దినవాడు ఎవరి అవసరానికీ రుద్దలేదు. అమ్మడానికి రుద్దాడు. అందుకే అమ్మ తోమిన నేవీకి నేను వెండి పూయించలేదు. పూయిస్తే చూసేవాడికి రెండో అబద్ధం చెప్పినట్టవుతుంది. ఎర్ర చుక్కలకి నూనె రాసి ఆపేశాను.

మళ్లీ టల్సా బల్ల దగ్గరికి. మెరిసేదానికి చిన్న చీటీ కట్టి ఉంది: రీఫినిష్డ్, అంటే మళ్లీ మెరుగుపెట్టి రంగు పట్టించినది. ముసలాయన దాచలేదు. "మా నాన్న చేయించాడు, గోడకి తగిలించుకోవడానికి" అన్నాడు. భూతద్దం పెట్టాను. పని బాగానే చేశారు, అంచులు బతికాయి. ఓడలు మాత్రం పొగమంచులో ఉన్నట్టున్నాయి. తెరచాపలున్నాయి, తాళ్లు లేవు. చేతిలో పట్టుకుని లోపలి యంత్రం పనితనం నేర్చుకోవాలనుకునే కుర్రాడికైతే నేనే కొనిపెడతాను. మంచి ధరే.

గోధుమరంగుదాన్ని తిప్పాను. బారెల్, ఫ్రేము, గార్డు, పట్టీ, సిలిండర్ నంబర్లు అన్నీ కలిశాయి. బారెల్ కింద గుండు కూరే మీట, లోడింగ్ లీవర్ వెనక, చెయ్యి దూరని సందులో గోరంత నీలం. ఈ దేశపు తుపాకుల యజమానుల సంఘం ఎన్ఆర్ఏ (నేషనల్ రైఫిల్ అసోసియేషన్) వాళ్ల యాంటీక్ కొలమానంలో రంగు పూర్తిగా పోయినా భాగాలు అసలువై అంచులు పదునుగా ఉంటే 'వెరీ గుడ్'. మళ్లీ నీలం పట్టించినది దానికి ఒక మెట్టు కింద, 'గుడ్'. మా ఆవిడకి ఇది చెబితే "అంటే ముడతలు పడ్డ మొహానికి ఎక్కువ మార్కులా? మీ కొలమానం ఇంట్లో కూడా వాడండి" అంది.

బేరమాడితే ముసలాయన 75 తగ్గించాడు. సిలిండర్ మీద ఒక ఓడ పొగగొట్టం నుంచి పొగ కూడా కనిపిస్తోంది.

వెనక పట్టీ మీద వెండి దాదాపు సగం ఉంది, కాటుకలా నల్లగా. జూన్లో అమ్మ మళ్లీ వస్తోంది. మా ఆవిడ పెట్టెలో ఒక చీటీ పెట్టింది, పెద్ద అక్షరాలతో: "అత్తయ్యా, ఇది వెండి. తోమవద్దు." తాళం కూడా వేశాను.