పోయింది టర్బో కాదు

మా పది టైర్ల లారీ 2003 మోడల్ టాటా 2515. లోపల ఉన్నది కమిన్స్ 6బీటీ, ఆరు సిలిండర్ల 5.9 లీటర్ల టర్బో ఇంజన్. ఎగ్జాస్ట్ పొగ ఊపుతో ఫ్యాను తిప్పి ఇంజన్‌లోకి గాలి నెట్టేదే టర్బో. నాన్న కొన్న బండి. దొనబండ క్వారీల నుంచి కంకర తోలి మా ఇద్దరు అన్నదమ్ముల చదువులూ పెళ్లిళ్లూ చేసింది. అందుకే పోయిన వేసవిలో లోడుతో ఎత్తు ఎక్కలేక అది ఆయాసపడుతుంటే, అమ్మేయమన్న వాళ్ల మాట నాకు చెవికెక్కలేదు.

పొద్దున్నే స్టార్ట్ చేస్తే నీలం పొగ. 300 కిలోమీటర్లకి లీటరు ఆయిల్ తాగేస్తోంది. టర్బో నుంచి ఇంజన్‌లోకి గాలి వెళ్లే పైపు విప్పితే లోపలంతా ఆయిల్ జిడ్డు. ఆటోనగర్‌లో మొదట చూపించిన చోట ఆ జిడ్డు చూడగానే "టర్బో సీళ్లు పోయాయి, కొత్తది వేసేయండి" అన్నారు. డబ్బు కట్టబోయి, మనసొప్పక బండిని బాబాయ్ షెడ్డుకి తోలుకెళ్లాను. నాన్నతో పాటు ముప్పై ఏళ్లు బళ్లు తిప్పి, మోకాళ్లు అరిగాక షెడ్డు పెట్టుకున్న మనిషి.

బాబాయ్ టర్బో జోలికే పోలేదు. ఇంజన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత ఊడదీసి, దాన్నే అక్కడ బోర్లించి పెట్టాడు. మూత గంతులేసి కింద పడింది.

"బ్యాక్ కంప్రెషన్ చూశావా అబ్బాయ్?"

పిస్టన్ల చుట్టూ ఉండే రింగులు అరిగి, మండిన గ్యాసు పిస్టన్ల పక్కనుంచి ఆయిల్ చాంబర్‌లోకి దిగుతోంది. టర్బోలో తిరిగిన ఆయిల్‌ని వెనక్కి లాగే పంపేమీ ఉండదు, దాని బరువుకే అది చాంబర్‌లోకి జారాలి. కింద నుంచి గ్యాసు ఎదురు తంతుంటే జారే దారి లేక సీళ్ల పక్కనుంచి గాలి పైపులోకి వచ్చేస్తుంది. కొత్త టర్బో వేసినా వారంలో మళ్లీ అదే జిడ్డు.

తర్వాత టర్బో విప్పాడు. షాఫ్ట్ కొంచెం ఆడుతోంది కానీ ఫ్యాను గోడకి తగలట్లేదు. రెక్కల అంచులు మాత్రం సాన పట్టిన కత్తిలా పలచబడ్డాయి. "ఇది ఆయిల్ చేసిన పని కాదురా" అంటూ ఫిల్టర్ నుంచి టర్బోకి వచ్చే రబ్బరు హోస్ ఊడదీశాడు. అడుగు వైపు, కంటికి ఆనని చోట, క్లిప్పు పక్కనే చీలిక. లోపల చూపుడు వేలు పెట్టి లాగి నా ముందు చాపాడు. వేలంతా ముగ్గుపిండి లాంటి కంకర పొడి. నేను క్రమం తప్పకుండా ఫిల్టర్ మారుస్తూనే ఉన్నాను. దుమ్ము ఫిల్టర్ దాటాక దూరింది. రెక్కల్నీ రింగుల్నీ అరగదీసింది అదే. ఆ వేలు చూసి నా గొంతు పూడుకుపోయింది.

హెడ్ దించితే బోరు, అంటే పిస్టన్ ఆడే గుంత, పైభాగాన మొదటి రింగు వెనక్కి మళ్లే చోట గోరుకి తగిలేంత మెట్టు. 102 మిల్లీమీటర్లు ఉండాల్సిన బోరు మూడో సిలిండర్‌లో 102.2 చూపించింది. ఈ ఇంజన్‌కి విడిగా మార్చుకునే లైనర్లు రావు, బ్లాకులోనే బోర్లు. బ్లాకు మొత్తం లేత్ షాపుకి మోసుకెళ్లి, అర మిల్లీమీటరు పెంచి బోరింగు, హోనింగు చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేశాం. క్రాంక్ బాగానే ఉంది, బేరింగులు మార్చాం. టర్బోకి ఫ్యాను, కిట్టు వేయించి బ్యాలెన్స్ చేయించాం. ట్యాపెట్ల దగ్గర వాల్వుల గ్యాప్ ఇంజన్ చల్లగా ఉండగా ఇన్లెట్ పది థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), ఎగ్జాస్ట్ ఇరవై పెట్టాం.

స్టార్ట్ చేసే ముందు బాబాయ్ టర్బో ఆయిల్ పైపు విప్పి, గరాటుతో ఆయిల్ పోస్తూ ఫ్యాను చేత్తో తిప్పాడు. డీజిల్ కట్టేసి, గేజ్ ముల్లు లేచేదాకా సెల్ఫ్ కొట్టాం. లోడు మీద నిమిషానికి లక్ష చుట్లు పైనే తిరిగే షాఫ్ట్ అది, ఆయిల్ పొర మీదే తేలుతుంది. ఇప్పుడు ఇంజన్ ఆపే ముందు రెండు మూడు నిమిషాలు స్లోలో ఉంచుతున్నాను. డ్రైవర్‌కీ అదే చెప్పాను.

మొన్న 3000 కిలోమీటర్లకి డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పై గీతకి కాస్తంత కిందే ఉంది. సంతోషం పట్టలేక వెంటనే బాబాయ్‌కి ఫోన్ చేశాను.

"ఆయిల్ సంగతి సరే, క్లిప్పు చూశావా?" అన్నాడు.