క్లోజ్ రీడింగ్ నేర్పిన రాత: ఇంగ్లీషు లిటరేచర్ చదువులో నా అనుభవం

సాహిత్యం, రచన రెండూ కలిసిన ఇంగ్లీషు డిగ్రీ అంటే నవలలు చదువుకుంటూ కథలు రాసుకోవడమేనని చాలామంది అనుకుంటారు. చదవడం మాత్రం నిజమే, గుట్టలకొద్దీ చదవాలి. కానీ ఎంత చదివామన్నదానికి మార్కులు రావు. ఒక పేజీ మీద మనం అన్న మాటను ఆ పేజీలోంచే రుజువు చేస్తే వస్తాయి. క్లోజ్ రీడింగ్ అంటే ఇదే, ప్రతి మాటనూ పట్టి పట్టి చదవడం.

నాకది అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్ మీద వ్యాసం రాస్తున్నప్పుడు పట్టుబడింది. మృత్యువు బండిలో వచ్చి తనను ఎక్కించుకెళ్లిందని చెప్పే కవిత ఉంది కదా, దాన్ని ఆమె పోయాక 1890లో అచ్చువేశారు. సంపాదకులు ఆమె పెట్టని పేరొకటి పెట్టారు, నాలుగో చరణాన్ని ఏకంగా ఎత్తేశారు. 1955 సంపుటిలో ఆ చరణం ఆమె డ్యాషులతో సహా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఆ చరణంలో మంచు పడి వణుకు పుడుతుంది, ఒంటి మీద పల్చటి గౌను, పల్చటి కండువా తప్ప చలికి ఆగేదేమీ లేదు. అది తీసేస్తే ప్రయాణం హాయిగా సాగిపోతుంది!

వ్యాసం మొత్తం దేన్ని వాదిస్తుందో చెప్పే థీసిస్ వాక్యానికి మా ట్యూటర్ పెట్టే పరీక్ష ఒక్కటే: దాన్ని కాదనేవాళ్లు ఉన్నారా? ‘ఈ కవిత మరణం గురించి’ అంటే ఎవరూ కాదనరు. ‘ఆ చరణం లేకపోతే మృత్యువు మర్యాదస్తుడిగానే మిగిలిపోతాడు’ అంటే వాదన మొదలవుతుంది.

సాహిత్య సిద్ధాంతాల మీద ఉండే థియరీ పేపర్ ఎలాగో గట్టెక్కింది. ఏ మాట ఏ పుస్తకంలోంచి తీసుకున్నామో చూపే సైటేషన్లకు మాత్రం ఒక సలహా: నోట్సు రాసుకునేటప్పుడే పేజీ నంబరు వేసుకోండి, చివర్లో వెతుక్కోవడం నరకం.

ఇక రైటింగ్ వర్క్‌షాప్, అంటే ఒకరి కథను మిగతావాళ్లు చదివి చర్చించే క్లాసు. మన కథ మీద చర్చ నడుస్తున్నంతసేపూ మనం నోరు విప్పకూడదు. ఈ నియమం నాకంత నచ్చదు, ముందు రచయితకు రెండు ప్రశ్నలు అడిగే వీలిస్తే మేలు. అయినా ‘అక్క ఎందుకు వెళ్లిపోయిందో తెలియలేదు’ అని ఒకరన్నప్పుడు, ఆ కారణం నా బుర్రలో ఉంది తప్ప కాగితం మీద లేదని అర్థమైంది. ‘చాలా బాగుంది’ అన్నవాళ్ల వల్ల ఒరిగిందేమీ లేదు. ఫలానా పేరా దగ్గర చదవడం ఆపేశానన్నవాళ్లే అక్కరకొచ్చారు.

కథను తిరగరాసేటప్పుడు డికిన్సన్ కవిత దగ్గర నేర్చుకున్న పద్ధతే వాడాను. ఒక్కో పేరా తీసి, ఏం కూలుతుందో చూడటం. అక్క ట్రంకుపెట్టెకు తాళం వేసి, మళ్లీ తెరిచి, పరీక్ష హాల్ టికెట్టు బయటికి తీసే పేరా ఉంచాను. వానను వర్ణించిన పేరా పోయింది, కథకు ఏమీ కాలేదు. నా రాతలన్నీ కలిపి ఇచ్చే ఫైనల్ పోర్ట్‌ఫోలియోకి జతచేసే కామెంటరీలో, అంటే ఏం మార్చానో ఎందుకు మార్చానో చెప్పే వివరణలో, సగం ఆ వాన గురించే రాశాను.