కాసిమేడు మంచు మీద, అంటార్కిటికా రాళ్ళలో

కిందటి ఆదివారం తెల్లవారుజామున కాసిమేడు రేవులో, మంచుగడ్డల మీద పెట్టిన సింగి రాల్ ఒకటి మీసం కదపడానికే బద్ధకిస్తున్నట్టు పడి ఉంది. మనవైపు రాతి రొయ్య, ఇంగ్లీషులో లాబ్‌స్టర్ అనే ఈ జీవిని చెన్నై తెలుగువాళ్ళం తమిళపు పేరుతోనే పిలుస్తాం. "చలి తగిలితే ఇంతేనండీ, గింజుకోదు" అన్నాడు అమ్మకందారు, తెలుగులోనే. కొన్నాళ్ళుగా నేను చదువుతున్న ధ్రువసముద్రపు శిలాజాలకు ఆ మాట చక్కగా అతికింది.

అంటార్కిటిక్ ద్వీపకల్పం కొనకు చేరువలోని సీమోర్, స్నో హిల్ దీవుల్లో, క్రిటేషియస్ యుగం చివరన, అంటే సుమారు 7 కోట్ల ఏళ్ళ కిందట, సముద్రపు అడుగున పేరుకున్న బురద గట్టిపడి ఏర్పడిన రాళ్ళలో హోప్లోపారియా స్టోక్సీ అనే లాబ్‌స్టర్ శిలాజాలు దొరుకుతాయి. ఆ పేరులోని స్టోక్స్ శాస్త్రవేత్త కాడు. 1901లో బయలుదేరిన నార్డెన్‌షోల్డ్ స్వీడిష్ యాత్రలో చిత్రకారుడిగా వెళ్ళిన ఫ్రాంక్ విల్బర్ట్ స్టోక్స్. ఆయన తెచ్చిన శిలాజాలను పరిశీలించి 1903లో స్టువర్ట్ వెల్లర్ ఈ జీవిని వర్ణించాడు. మంచుకొండలను చిత్రించడానికి వెళ్ళినవాడి పేరు లాబ్‌స్టర్‌కు నిలిచిపోవడం నాకిప్పటికీ తమాషాగానే ఉంటుంది.

నన్ను మరింత ఆకట్టుకున్నది, అదే ప్రాంతపు రాళ్ళలో శిలాజ శాస్త్రవేత్త రాడ్నీ ఫెల్డ్‌మన్ 1989లో గుర్తించిన మెటానెఫ్రాప్స్ జెంకిన్సీ అనే మరో లాబ్‌స్టర్. దాని బంధువులు నేటికీ బతికే ఉన్నాయి, మన అండమాన్ సముద్రపు లోతుల్లో కూడా. ఈ ప్రజాతి దక్షిణ ధ్రువ ప్రాంతంలో పుట్టి ఉత్తరానికి విస్తరించిందన్న వాదానికి ఈ శిలాజమే ఆధారం.

అప్పట్లో అంటార్కిటికాను మంచుపలక కప్పలేదు. నేల మీద అడవులుండేవి. సుమారు 3.4 కోట్ల ఏళ్ళ కిందట అక్కడ పెద్ద మంచుపలకలు ఏర్పడ్డాయి. ఇప్పుడా సముద్రపు నీరు మైనస్ 1.8 డిగ్రీల దాకా చల్లబడుతుంది, లాబ్‌స్టర్లు ఆ నీటిలో లేవు. దీనికి శాస్త్రజ్ఞులిచ్చే వివరణల్లో ఒకటి మెగ్నీషియానికి సంబంధించినది. చలికి ఇలాంటి జీవులన్నీ ఎలాగూ మందగిస్తాయి. దానికి తోడు పీతల వంటి వాటి రక్తంలో మెగ్నీషియం ఎక్కువగా ఉండి మత్తుమందులా పనిచేయడంతో, గుండె కొట్టుకోవడం, కాళ్ళు కదలడం మరీ నెమ్మదించి, సున్నా డిగ్రీల దరిదాపుల్లో బతుకే కష్టమవుతుంది. అక్కడ ఈనాటికీ తిరుగుతున్న నోటోక్రాంగాన్ అనే చిన్న రొయ్య మాత్రం తన రక్తంలోని మెగ్నీషియాన్ని బాగా తగ్గించుకోగలదు.