మా ఊరి రేఖాంశం మీద

రాత్రి రెండు దాటింది. ఓడ నడిపే గది, బ్రిడ్జి మీద జీపీఎస్‌లో తూర్పు రేఖాంశం 84 డిగ్రీల 30 నిమిషాలకు వచ్చింది. మా ఉద్దానం ఉన్నది ఆ గీత మీదే. ఓడను ఎడమకు తిప్పి తిన్నగా ఉత్తరానికి పోనిస్తే, 2,000 నాటికల్ మైళ్లకు పైగా నీళ్లు దాటాక తగిలే ఒడ్డు మాదే. మధ్యలో అడ్డం ఏమీ లేదు. బ్రిడ్జి పక్కనుండే రెక్క వసారా తలుపు తీసి బయటికొచ్చి, కాసేపు ఆ వైపే చూస్తూ నిలబడ్డాను.

నేను ఏబీని, డెక్ మీద పనిచేసే నావికుణ్ణి. అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు, మళ్లీ మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు నా వాచ్, అంటే కాపలా డ్యూటీ. బ్రెజిల్‌లోని సాంతోస్ రేవులో సోయా గింజలు నింపుకుని, ఆఫ్రికా కొస చుట్టి, చైనాకు పోతున్నాం. నేను మాత్రం సింగపూర్‌లో సైన్ ఆఫ్, అంటే ఓడ దిగి ఇంటికి. తొమ్మిది నెలల కాంట్రాక్టులో ఇక మిగిలింది వారం.

తూర్పుకు పోయే ఓడలో కాలం తరుగుతూ ఉంటుంది. సాంతోస్ నుంచి సింగపూర్‌కు 11 గంటల తేడా, అంటే 11 సార్లు గడియారం ముందుకు జరపాలి. జరిపే రోజు మెస్ రూమ్ బోర్డు మీద కాగితం పెడతారు. ఆ గంటను మూడు ముక్కలు చేసి వాచ్‌కు 20 నిమిషాల చొప్పున పంచుతారు. డ్యూటీలో 20 నిమిషాలు పోతాయి, విశ్రాంతిలో 40. నెల తిరిగేసరికి కళ్లు మండిపోతాయి. అయినా ఆ కాగితం చూస్తే నాకు ఇష్టమే. సాంతోస్‌లో ఉండగా ఇల్లు నాకన్నా ఎనిమిదిన్నర గంటలు ముందుంది. ఒక్కో కాగితానికీ ఒక్కో గంట దగ్గరైంది. ఇక్కడికొచ్చేసరికి తేడా అరగంటే. నేను రాత్రి వాచ్‌కు లేచే వేళకు మా ఊళ్లోనూ నడిరాత్రే.

2018లో ఇలా లేదు. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీద పడినప్పుడు నేను అట్లాంటిక్‌లో ఉన్నాను. ఆ ఓడలో ఇంటర్నెట్ లేదు. శాటిలైట్ ఫోన్ కార్డులు గీకి గీకి ప్రయత్నిస్తే ఆరు రోజులు లైను కలవలేదు. ఏడో రోజు నాన్న గొంతు వినిపించింది. "మనుషులం ఉన్నాం బాబూ, చెట్లే లేవు" అన్నాడు. కొబ్బరి, జీడి, పనస అన్నీ పోయాయి. మరుసటి ఏడు మళ్లీ మొక్కలు నాటాం. వాటిలో ఒక చెట్టు ఇప్పుడు మొదటి గెల వేసిందని మా ఆవిడ ఫొటో పంపింది. ఎన్ని కాయలున్నాయో వేలితో పెద్దది చేసి లెక్కపెట్టుకున్నాను. పద్నాలుగు.

ఇంటికెళ్లేవాడికి ఈ వారం పట్టుకునే ఆత్రాన్ని ఓడల్లో ఛానల్ ఫీవర్ అంటారు. నిద్ర పట్టదు, మనసు చేతిలో పని మీద ఉండదు. దెబ్బలు తగిలేది కూడా అప్పుడే. అందుకే మా బోసన్, అంటే డెక్ నావికుల మేస్త్రీ, తూత్తుకుడి పెద్దాయన, చివరి వారం నన్ను ఎత్తు మీద పనికి పంపలేదు. "నువ్వు కిందే ఉండు తంబీ" అని గ్రీజు డబ్బా, గుడ్డ చేతికిచ్చాడు. రోజంతా హ్యాచ్ కవర్ల, అంటే సరుకు గదుల మూతల, బిగింపులకు గ్రీజు రాస్తూ కూర్చున్నాను. ఎప్పటికైనా నేనూ బోసన్‌నైతే మొదట గుర్తుపెట్టుకోవలసింది ఆ డబ్బానే.

అయిదో రాత్రి సుండా జలసంధి. కుడివైపు జావా దీపాలు, ఎడమవైపు నల్లగా క్రకటోవా. 1883లో బద్దలైన కొండ అది. ఆ తరవాత దాని కడుపులోంచి లేచిన పిల్లకొండలో ఓ భాగం 2018 డిసెంబరు 22న కూలి సునామీ వచ్చింది, నాలుగు వందల మందికి పైగా పోయారు. మాకు తిత్లీ వచ్చిన ఏడే. ఆ దీపాల కింద మళ్లీ కట్టుకున్న ఇళ్లెన్నో, మళ్లీ నాటిన చెట్లెన్నో అనుకుంటూ చూశాను. అప్పుడే జేబులో ఫోన్ మోగింది. ఇండోనేషియా సిగ్నల్. వాచ్‌లో ఉన్నాను కాబట్టి తియ్యలేదు.

సింగపూర్ లంగరు దగ్గర పొద్దున్నే నా రిలీవర్, నా బదులు పనిచేసేవాడు, ఎక్కాడు. కుర్రాడు, రెండో కాంట్రాక్ట్ అట. లైఫ్‌బోట్ తాళ్లు, స్టోర్ తాళాలు, కుదుపులకు జారే డ్రాయరు అన్నీ చూపించాను. నా సూట్‌కేసును క్రేన్‌తో వలలో దించారు. బోసన్ రైలింగ్ దగ్గరే నిలబడి, నేను నిచ్చెన చివరి మెట్టు దిగేదాకా కన్ను తియ్యలేదు.

లాంచీలో కూర్చున్నాక చేతి గడియారం రెండున్నర గంటలు వెనక్కి తిప్పాను. ఆరున్నర. మా ఆవిడ మొక్కలకు నీళ్లు పెట్టే వేళ. ఫోన్ చేశాను.

"గెల కొయ్యలేదండీ" అంది. "వచ్చి మీరే కోద్దురు గాని."