టైప్ చేసినవాళ్లు ఎలా కొట్టి ఉంటారు?

లైబ్రరీ కేటలాగ్‌కు పుస్తకాల గురించి ఏమీ తెలియదు. ఎప్పుడో ఎవరో కూర్చొని ఏం టైప్ చేశారో అంతవరకే తెలుసు. హనుమకొండలో ఒక కాలేజీ లైబ్రరీలో అసిస్టెంట్‌గా చేస్తూ నేను నేర్చుకున్న అసలు పని ఇదే. పుస్తకం కోసం వెతికే ముందు దాన్ని ఎంట్రీ చేసిన మనిషి ఎలా కొట్టి ఉంటారో ఊహించుకోవాలి.

మా దగ్గర కంప్యూటర్లు వచ్చినప్పుడు ఎంట్రీ పని ఒక ఏజెన్సీకి ఇచ్చారు. రికార్డుకు ఇంత అని లెక్క. ఆ లెక్కన పనిచేసే పిల్లలు ఒక్కో పుస్తకం దగ్గర ఆగి ఆలోచిస్తారా? కొందరు తెలుగు పుస్తకాల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టారు, కొందరు తెలుగులో. తెలుగులో కొట్టినవాళ్లు 'అర్థశాస్త్రం' ఒత్తు మార్చి 'అర్ధశాస్త్రం' చేశారు. 'కథలు' సగం చోట్ల 'కధలు' అయింది. డీఎస్సీ నోటిఫికేషన్ పడగానే అర్థశాస్త్రం పుస్తకాల కోసం వరస కడతారు, సిస్టం చూస్తే రెండో మూడో చూపిస్తుంది. ఒత్తు మార్చి కొడితే మిగతావన్నీ బయటికొస్తాయి. కొత్తగా చేరినవాళ్లకు నేను ముందు చెప్పేది ఈ థ, ధల సంగతే.

లైబ్రరీ పనికి మేం వాడేది కోహా. న్యూజిలాండ్‌లో పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్. వేరే కాలేజీల్లో సోల్ ఉంది, ఈ-గ్రంథాలయ ఉంది. మెనూలు వేరు, బాధ ఒక్కటే. కోహాలో నాకు బాగా పనికొచ్చేది నక్షత్రం గుర్తు. పదాన్ని సగంలో ఆపి చివర నక్షత్రం పెడితే ఆ తర్వాత ఏమున్నా తెస్తుంది. తెలుగుకు ఇది భలే నప్పుతుంది, ఎందుకంటే మన తేడాలన్నీ ఎక్కువగా పదం చివరే ఉంటాయి. 'కాళోజీ' అని కొడితే పొట్టి గుడి పెట్టిన 'కాళోజి' రాదు. 'కాళోజ' దగ్గర ఆపి నక్షత్రం పెడితే రెండూ వస్తాయి. 'తెలంగాణ', 'తెలంగాణా' కూడా అంతే. 'నారాయణరెడ్డి'ని ఒకరు కలిపి రాస్తారు, ఒకరు విడదీస్తారు. 'నారాయణ' దగ్గర ఆపితే ఆ గొడవ ఉండదు. కాకపోతే 'రామ' అని రెండక్షరాలకే నక్షత్రం పెట్టారనుకోండి, ఊళ్లో ఉన్న రాములంతా వరస కడతారు.

కంటికి కనపడని తేడా ఇంకోటి ఉంది. 'రాజ్‌కుమార్' లాంటి పేర్లలో పొల్లు తర్వాతి అక్షరం దాని కింద ఒత్తుగా మారకుండా ఆపడానికి యూనికోడ్‌లో ఒక అదృశ్య అక్షరం ఉంటుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతటవే పెడతాయి. కొందరు టైపిస్టులు దాని బదులు ఖాళీ కొడతారు. స్క్రీన్ మీద రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి, సెర్చ్‌కు మాత్రం వేర్వేరు. అలాంటి పేరు దొరకకపోతే దానితో కుస్తీ పట్టకుండా టైటిల్‌లోని ఇంకో మాటతో వెళ్తాను.

రచయితల పేర్ల దగ్గర ఇంటిపేరు ముందా వెనకా అన్నది ఎప్పటికీ తెగదు. అందుకే ఆథర్ గడిలో ఒక్క మాటే కొట్టి, వచ్చిన జాబితాను కళ్లతో చూసుకుంటాను. 'దాశరథి' అంటే కృష్ణమాచార్య, రంగాచార్య ఇద్దరూ వస్తారు. అన్నదమ్ములు, ఇద్దరూ మన చిన్నగూడూరు వాళ్లే. అడిగినవాళ్లకు కవిత్వం కావాలా, నవల కావాలా అని ఒక్క ప్రశ్న వేస్తే సగం పని అయిపోతుంది. పుస్తకాలను విషయాలవారీగా నంబర్లు వేసి సర్దే డ్యూయీ లెక్కలో తెలుగు కవిత్వం 894.8271, కథలూ నవలలూ 894.8273. పేరు ఎలా కొట్టినా ఈ నంబర్ పట్టుకొని ర్యాక్ దగ్గరికి వెళ్లొచ్చు.

అసలు చిక్కు సబ్జెక్ట్ దగ్గర. మొన్న ఒక రీసెర్చ్ స్కాలర్ వచ్చింది. "అక్కా, రామప్ప మీద ఏమన్న ఉన్నదా? నేను చూస్తే టూరిజం బుక్కులే వచ్చినయి" అంది. 'రామప్ప' అని కొడితే నాకూ అవే వచ్చాయి. కానీ ఆ గుడికి ఒక్క పేరు కాదు కదా. 2021లో యునెస్కో జాబితాలో ఎక్కింది కాకతీయ రుద్రేశ్వర ఆలయంగా, రామప్ప అన్న పేరు పక్కన ఉంది. ఊరు పాలంపేట. గులాం యజ్దానీ 1922లో పురావస్తు శాఖకు రాసిన గ్రంథం పేరులో పాలంపేట ఉంది గానీ రామప్ప లేదు. అది ఒక వరస ప్రచురణల్లో ఆరోది. అలాంటివాటిని ఎంట్రీ చేసేవాళ్లు ఒక్కోసారి వరస పేరునే టైటిల్‌గా కొట్టేస్తారు, పుస్తకం అసలు పేరు నోట్ గడిలోకి పోతుంది. అందుకే టైటిల్ గడి వదిలి కీవర్డ్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో పాలంపేట అని కొట్టాను. వచ్చింది. మా దగ్గరున్నది ఫొటోకాపీ తీసి బైండ్ చేసిన ప్రతి, రిఫరెన్స్ బీరువాలో కింది అరలో. ఆ తర్వాత 'రుద్రేశ్వర', 'కాకతీయ', 'వరంగల్ జిల్లా' అని కూడా కొట్టి చూపించాను.

వరంగల్ జిల్లా ఎందుకంటే, రామప్ప ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది గానీ పాత పుస్తకాలకు ఆ సంగతి తెలియదు. 2016 అక్టోబర్‌లో జిల్లా ముక్కలైంది. ములుగు 2019లో వచ్చింది, వరంగల్ అర్బన్ 2021లో హనుమకొండ అయింది. జనగామ గురించో మహబూబాబాద్ గురించో అడిగినా పాత రికార్డుల్లో వరంగల్ కిందే వెతకాలి. రాష్ట్రం సంగతీ అదే. మేం వాడే డ్యూయీ 23వ ఎడిషన్ 2011ది, తెలంగాణ ఏర్పడింది 2014లో. కాబట్టి మా తెలంగాణ చరిత్ర చాలావరకు ఆంధ్రప్రదేశ్ నంబరైన 954.84లోనే కూర్చుంది. సబ్జెక్ట్ గడిలో తెలంగాణ అని కొట్టి నాలుగే ఉన్నాయనుకునే గ్రూప్స్ పిల్లలకు 'హైదరాబాద్ సంస్థానం', 'నిజాం', 'ఆంధ్రప్రదేశ్ చరిత్ర' అని కొట్టించి చూపిస్తాను. ఈ నంబర్లు మార్చాలా వద్దా అని మా మీటింగ్‌లో ప్రతిసారీ చర్చ వస్తుంది. మార్చాలంటే ప్రతి పుస్తకం వీపు మీద లేబుల్ మార్చాలి, ఆ మాట రాగానే అందరూ టీ తాగుతారు.

ఇక ఇంకో రకం తలనొప్పి, సిస్టంలో 'అవైలబుల్' అని ఉండి ర్యాక్‌లో లేనివి. ఇక్కడ మామూలు కేటలాగ్ సెర్చ్ పనికిరాదు, ఆ పుస్తకం ఐటమ్ వివరాల్లోకి వెళ్లాలి. మొదటిది ఆ పుస్తకం మనకుందా అని చెబుతుంది, రెండోది ఏ ప్రతి ఎక్కడుంది, చివరిసారి సిస్టం దాన్ని ఎప్పుడు చూసింది అని చెబుతుంది. చివరిసారి చూసింది నిన్నో మొన్నో అయితే రీడింగ్ హాల్ బల్లల మీదో, తిరిగిచ్చిన పుస్తకాల ట్రాలీలోనో ఉంటుంది. ఏళ్ల కిందటి తేదీ ఉంటే మా అటెండర్ అన్నను పిలుస్తాను. ఆయన 894.8273కు బదులు 894.8271 అర చూస్తాడు, ర్యాక్‌లో ముందు వరస తీసి వెనక పడ్డవి చూస్తాడు, చివరగా బైండింగ్ కట్ట విప్పుతాడు. పిల్లలు పరీక్షల ముందు తమకే దొరకాలని గణితం అరలో కవిత్వం దాచిపెడతారు, ఆ అరలూ ఆయనకు తెలుసు.

బార్‌కోడ్ చిరిగిపోయి ఏ పుస్తకమో తెలియకపోతే సీక్రెట్ పేజీ తిప్పుతాం. లోపల ఒక ఖాయమైన పేజీలో అక్సెషన్ నంబర్, అంటే లైబ్రరీలో చేరినప్పుడు ఆ ప్రతికి ఇచ్చిన వరస నంబర్, వేసి ఉంటుంది. ఆ నంబర్ ఇంకో రకంగానూ పనికొస్తుంది. ఒకే బిల్లు మీద వచ్చిన పుస్తకాలకు వరస నంబర్లు పడతాయి. "ఆ సెట్టుల ఇంకో బుక్కు ఉండె మేడం, పేరు యాదికి లేదు" అని లెక్చరర్ సార్ అంటే, ఆయనకు గుర్తున్న పుస్తకం నంబర్ చూసి దాని ముందూ వెనకా నంబర్లు తిరగేస్తాను.

ఎండాకాలం సెలవుల్లో స్టాక్ వెరిఫికేషన్. ర్యాక్ వారీగా బార్‌కోడ్లు స్కాన్ చేసి ఆ ఫైలు ఇన్వెంటరీ టూల్‌కు ఇస్తే, లేనివీ తప్పు చోట ఉన్నవీ విడిగా చూపిస్తుంది. కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017 ప్రకారం 20,000 పుస్తకాల వరకు ఉంటే ఏటా మొత్తం లెక్క చూడాలి, 50,000 వరకైతే మూడేళ్లకోసారి. ఏడాదిలో ఇచ్చిన, చదివిన వెయ్యి పుస్తకాలకు 5 పోతే మామూలు నష్టంగానే చూస్తారు, అందులో మన నిర్లక్ష్యం లేకపోతే. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకానికి, అరుదైన పుస్తకానికి మాత్రం విచారణ తప్పదు. ఈ నిబంధన తెలియక చాలామంది స్టాఫ్ ఒక్క గైడ్ పోయినా ఊరికే టెన్షన్ పడతారు.

రికార్డు దిద్దే పర్మిషన్ నా లాగిన్‌కు లేదు, లైబ్రేరియన్ మేడంకే ఉంది. అందుకని కౌంటర్ దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. పాఠకులు ఏ మాటతో అడిగారు, ఏ మాటతో దొరికింది అని రెండు గళ్లు. శనివారం మధ్యాహ్నం రద్దీ తగ్గాక మేడం పక్కన కూర్చొని ఒక్కొక్కటి చదువుతాను, ఆవిడ ఆ రికార్డులో ఇంకో పేరు చేరుస్తారు. యజ్దానీ గ్రంథానికి రామప్ప, రుద్రేశ్వర రెండూ ఎక్కాయి. అర్ధశాస్త్రాలు ఇంకా చాలా మిగిలున్నాయి.